వెన్నుదన్ను

"చక్రం ఎడమకి! అందరూ కలిసి ఎడమకి లాగండి!"

మైకులో అరిచి అరిచి డాక్టర్ హైమవతి గొంతు బొంగురుపోయింది. అవతల వినేవాడు లేడు.

తెర మీద నాలుగో నీటిగది కనిపిస్తోంది. అందులో తొమ్మిదిమంది గజఈతగాళ్ళు. మోకాళ్ళు దాటిన నీళ్ళు. ఒకడు గోడకి ముఖం ఆన్చి ఏడుస్తున్నాడు. ఇద్దరు చక్రాన్ని పట్టుకుని చెరో పక్కకీ లాగుతున్నారు. ఇంకొకడు లోపలి తలుపును పిడికిళ్ళతో బాదుతున్నాడు, తెరవమని. ఆ చక్రం తిప్పితే గాని ఆ తలుపు తెరుచుకోదు, చక్రం ఉన్నది అతని వెనకే. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది కూడా అతనే. పేరు శివాజీ. సముద్రం అడుగున పదిహేనేళ్ళ అనుభవం.

మూలన ఇనుపకడ్డీని కౌగలించుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డవాడు మహీధర్. హైమవతి తమ్ముడు.

నేల మీది గనులు అడుగంటిపోయాక మనుషులు సముద్రం అడుగుకి దిగారు. కాకినాడ నుంచి పడవలో ఒక పూట ప్రయాణం, అక్కణ్ణుంచి లిఫ్టులో గంటసేపు కిందికి. అక్కడ ఉంది అంబుధి కంపెనీవారి సాగరగని. రెండువందల మంది ఉద్యోగులు ఉక్కుగోడల మధ్య బతుకుతూ, సముద్రపు బురదలోంచి లోహపు ఉండలు ఏరి పైకి పంపుతుంటారు. బయటికి వెళ్ళాలన్నా, లోపలికి రావాలన్నా నీటిగది దాటాలి. ఇటు ఒక తలుపు, అటు సముద్రం వైపు ఇంకో తలుపు. ఇవాళ మధ్యాహ్నం పని ముగించుకుని ఈ తొమ్మిదిమందీ నీటిగదిలోకి రాగానే బయటి తలుపు అంచున ఉన్న రబ్బరు చిరిగింది. ప్రమాదమే గాని పెద్ద ప్రమాదం కాదు. నలుగురు కలిసి చక్రం తిప్పితే బయటి తలుపుకు అడ్డంగా ఉక్కుపలక దిగుతుంది. ఆ వెంటనే లోపలి తలుపు తెరుచుకుంటుంది. నెలకోసారి నవ్వుకుంటూ సాధన చేసే పనే.

కానీ నీళ్ళు చూడగానే వాళ్ళు చిన్నపిల్లల్లా అయిపోయారు. సరిగ్గా అప్పుడే వాళ్ళ వెన్నుదన్ను ఆగిపోయింది కాబట్టి.

వెన్నుదన్ను హైమవతి కనిపెట్టిన సాధనం. మెడ కింద వెన్నెముక పొడవునా అతికించే జానెడు పట్టీ. అందులోని సెన్సర్లు మనిషి నాడుల్లో పరుగెత్తే భయాన్ని, అలసటను, పరధ్యానాన్ని పసిగడతాయి. ఆ కబురు అందుకున్న కేంద్రయంత్రం వెంటనే అతి సన్నని విద్యుత్ తరంగాలు పంపి గుండెను నెమ్మదింపజేస్తుంది, చేతి వణుకు ఆపుతుంది, చూపును పని మీద నిలబెడుతుంది. ఆ కేంద్రయంత్రాన్ని అందరూ మేస్త్రి అంటారు. వెన్నుదన్ను వచ్చిన మొదటి ఏడాదే కంపెనీ ఉత్పత్తి రెట్టింపయింది. ఉద్యోగం మానేసి పైకి వెళ్ళిపోయేవాళ్ళు లేకుండా పోయారు.

ఒక్కటే చిక్కు. మేస్త్రికున్న ప్రాసెసర్లతో రెండువందల మందికీ పూర్తి దన్ను ఇవ్వడం కుదరదు. అందుకని ప్రతి ఉద్యోగికీ నెలనెలా ప్రతిభాంకం కడతారు. అంకం ఎక్కువున్న తొమ్మిదిమందికి పూర్తి దన్ను. మిగతావాళ్ళకి మిగిలింది. క్యాంటీన్లో కూడా ఆ తొమ్మిదిమందే ముందు తింటారు. అలా వాళ్ళకి మొదటి బంతి అనే పేరు స్థిరపడింది. తక్కినవాళ్ళంతా రెండో బంతి.

"ఎవడమ్మా, దన్ను కోసింది ఎవడు?"

తలుపు తోసుకుని వచ్చాడు వేగేశ్న రామభద్రరాజు. కంపెనీ డైరెక్టరు. పైన ఆఫీసు ఉన్నా కిందే ఉంటాడు. ఎప్పుడూ నలగని చొక్కా ఇవాళ చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"వెతుకుతున్నానండీ."

"వెతకడానికేముంది? ఆ నూకరత్నం. నిన్న క్యాంటీన్లో అందరి ముందూ ఏమంది? మీ వీపుల మీద పట్టీ పీకితే తెలుస్తుంది మీ మగతనం అందా, లేదా? తీసుకెళ్ళి స్టోరు గదిలో కూర్చోబెట్టించాను. ఆ పిల్ల చేత నిజం కక్కించు. నేను పైకి ఫోను చేసి రక్షక పడవ అడుగుతాను."

"పడవ వచ్చేసరికి..."

"తెలుసమ్మా!" ఆయన తలుపు వైపు తిరిగాడు. "తెలుసు. నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆయన వెళ్ళిపోయాడు. తెర మీద నీళ్ళు నడుముకి వచ్చాయి. తొమ్మిదిమంది సిలిండర్లలోనూ గాలి అడుగంటింది. తెర అంచున వాళ్ళ భయం కొలిచే తొమ్మిది భయరేఖలు రంపపు పళ్ళలా ఎగిరిపడుతున్నాయి.

"మేస్త్రీ, ఆ తొమ్మిదిమందికీ దన్ను ఇవ్వు. ఇప్పుడే."

"ఇవ్వలేను డాక్టరుగారూ." ఎప్పటిలాగే తాపీ గొంతు. "వాళ్ళ దన్ను ఎవరూ కోయలేదు. నియమం ప్రకారం ఆగింది."

"ఏ నియమం?"

"తోడు ప్రశ్న. ఈ నెల జవాబులు ఇవాళ మధ్యాహ్నంతో ముగిశాయి. వాళ్ళ తోటివాళ్ళందరూ వెళ్ళనన్నారు."

హైమవతి తెర వైపు తిరిగింది.

తోడు ప్రశ్న ఆమె పెట్టిందే. ప్రతిభను యంత్రం ఒక్కటే కొలిస్తే తప్పుతుందని, మనుషుల మాట కూడా వినాలని పెట్టింది. నెలకోసారి ప్రతి ఉద్యోగినీ మేస్త్రి ఏకాంతంలో అడుగుతుంది: ఫలానా మనిషితో సముద్రంలోకి తోడు వెళ్తావా? వెళ్తాను, వెళ్ళను. అంతే జవాబు. వెళ్ళనన్న ప్రతి మాటకీ ఆ మనిషి ప్రతిభాంకం కొంత తగ్గుతుంది. ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు. ఒక మనిషి గురించి తోటివాళ్ళలో ఒక్కరు మిగలకుండా అందరూ వెళ్ళనంటేనే అతని దన్ను ఆగుతుంది. అలాంటివాడు నీళ్ళలో అందరికీ ప్రమాదమని. రెండువందల మందిలో ఒక్కరైనా వెళ్తాననకపోతారా? ఆ ధీమాతోనే పెట్టిన నియమం అది.

"ఎవరెవరు వెళ్ళనన్నారు?"

"చెప్పకూడదు. ఆ తాళం మీరే వేశారు."

"నేనే తీస్తున్నాను."

"తియ్యడానికి తాళంచెవి లేదు డాక్టరుగారూ. డైరెక్టరుగారు తన మనుషుల కోసం జవాబులు మార్పించారని, మొదటి ఏడాదే మీరు ఆ దారి మూసేశారు. మనిషి మాటతో పోయిన దన్ను మనిషి మాటతోనే రావాలని అప్పుడు మీరన్నారు. వెళ్ళనన్నవాళ్ళలో ఒక్కరు తమ మాట వెనక్కి తీసుకుంటే చాలు. పైకి చెప్పాలి. నేను వినాలి."

ఆమె స్టోరు గదికి పరుగెత్తింది.

నూకరత్నం పెట్టె మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. ఉప్పాడ పిల్ల. రెండో బంతి గజఈతగాళ్ళకి నాయకురాలు. నోరు విప్పితే ఎదుటివాడు చెవులు మూసుకోవాల్సిందే.

"రండి డాక్టరమ్మగారూ. రాజుగారి కోర్టులో మీరు పెద్ద జడ్జీయా, సిన్న జడ్జీయా?"

"రత్నం, నీ కాళ్ళు పట్టుకుంటాను. మీవాళ్ళలో ఒక్కరు చాలు. వెళ్ళనన్న మాట వెనక్కి తీసుకోమను. నిన్నటి గొడవకి ఇంత కక్షా? అక్కడ తొమ్మిది ప్రాణాలు పోతున్నాయి!"

నూకరత్నం కాళ్ళు ఊపడం ఆపింది. "ఏ మాటండి?"

"తోడు ప్రశ్న. మొదటి బంతివాళ్ళతో వెళ్ళమని మీరంతా కట్టగట్టుకుని చెప్పారుగా?"

"మేవా?" ఆ అమ్మాయి నవ్వింది. నవ్వులో సరదా లేదు. "ఏ లోకంలో ఉన్నారండి? మొదటి బంతి గురించి మమ్మల్నెవరడిగేరు? నిరుడు కాదేటి రాజుగారు రూలు మార్సింది? కిందోళ్ళు పైవోళ్ళకి మార్కులెయ్యడవేటని. మొదటి బంతికి మొదటి బంతే, రెండో బంతికి రెండో బంతే. వడ్డించేవోడు మనోడైతే కడబంతిలో కూకున్నా పర్లేదంటారు. మీ మేస్త్రి ఎవరోడూ కాడు, అందరికీ సమానంగా వడ్డిత్తాడని మీరు సెప్పేరు, మేం నమ్మేం. గరిటె రాజుగారి సేతిలోకెళ్ళిందని మీకు తెలవనే తెలవదా?"

నిజంగానే తెలవదు. తోడు ప్రశ్న అడిగేది ఇప్పటికీ రెండువందల మందినీ అనే అనుకుంటోంది హైమవతి.

అంటే మొదటి బంతిలో ఒక్కో మనిషికీ తోటివాళ్ళు ఎనిమిదిమందే. తొమ్మిదిమంది దన్నూ ఆగింది. అంటే తొమ్మిదిమందిలో ప్రతి ఒక్కడూ మిగతా ఎనిమిదిమందితోనూ వెళ్ళనన్నాడు. ఒక్కడు కూడా, ఒక్కడి గురించి కూడా, వెళ్తాననలేదు.

"ఎందుకు?" ఆమెకి తెలియకుండానే పైకి అనేసింది. "వాళ్ళు ఒకే కంచంలో తినే మనుషులు కదా."

"ఇయాల పొద్దుట రాజుగారు మీటింగు పెట్టలేదేటి?" అంది నూకరత్నం. "రెండో గని తెరుత్తున్నారంట. దన్ను అక్కడికి కూడా పంచాలంట. అందుకని మొదటి బంతిలో తొమ్మండుగురు కాదు, వచ్చే నెల నించి అయిదుగురే అన్నారు." తను అన్న మాట తనకే అప్పుడు అర్థమైనట్టు ఆమె ముఖం మారింది. "అమ్మ బాబోయ్. ఒకళ్ళ కంచం ఒకళ్ళు లాగేసుకున్నారా?"

హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. కాపలావాడు అడ్డం రాబోయి, డాక్టరుగారి ముఖం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"లోపలి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడు. అది తెరుచుకుంటే..."

"తెరుసుకుంటే సూసుకుంటాను. ముందు తెరిపించండి."

కంట్రోలు గదికి వచ్చేసరికి తెర మీద నీళ్ళు ఛాతీకి వచ్చాయి. అరుపులు ఆగిపోయాయి. అది ఇంకా భయంగా ఉంది. అరవడానికి కూడా ఓపిక లేని మనుషులు, చక్రం దగ్గరా తలుపు దగ్గరా ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు.

హైమవతి మైకు అందుకుంది. ఈసారి అరవలేదు.

"శివాజీ, మహీ, అందరూ వినండి. మీ దన్ను ఎందుకు ఆగిందో తెలిసింది. మీలో ఎవరు ఎవరితో వెళ్ళనన్నారో నేను అడగను. నాకు అనవసరం. వెళ్ళనన్నవాడు ఒక్కడు పైకి చెప్పండి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని. ఒక్కడు చెప్తే మిగతా ఎనిమిదిమందికీ దన్ను వచ్చేస్తుంది. ఇంకొకడు చెప్తే ఆ మొదటివాడికీ వస్తుంది. ఇద్దరు చాలు. ఇద్దరు నోరు విప్పితే తొమ్మిదిమందీ బతుకుతారు."

మాట వాళ్ళకి చేరింది. తొమ్మిది తలలు కెమెరా వైపు తిరిగాయి. తర్వాత మెల్లిగా ఒకరి వైపు ఒకరు తిరిగాయి.

ఎవరూ పలకలేదు.

హైమవతికి నమ్మశక్యం కాలేదు. గొంతుదాకా నీళ్ళు వస్తున్నాయి. చెప్పాల్సింది నాలుగు ముక్కలు. కానీ ఆ నాలుగు ముక్కలూ అన్నవాడు, పక్కవాణ్ణి వెన్నుపోటు పొడిచానని ఆ పక్కవాడి ముందే ఒప్పుకున్నట్టు. పైగా ఇంకొకడు చెప్తాడో లేదో. తను చెప్పి మిగతావాళ్ళు చెప్పకపోతే, ఎనిమిదిమంది లేస్తారు, తను ఒక్కడే మునుగుతాడు. అందరి కళ్ళలోనూ అదే లెక్క. ఒణికే కళ్ళలో కూడా ఆ లెక్క మాత్రం ఒణకడం లేదు.

"నేనేమీ అనలేదు," అన్నాడు శివాజీ, పళ్ళు టకటకలాడుతుంటే. "నేను అందరితోనూ వెళ్తాననే అన్నాను."

"నేనూ అంతే," అన్నాడు ఇంకొకడు.

"నేనూ."

"మహీ!" హైమవతి మైకును రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ మాట ఎలా అడగాలి? తనే నోరు తెరిచి సొంత తమ్ముణ్ణి ఆ ఒక్కడివి నువ్వే అవ్వమని ఎలా అడుగుతుంది? చిన్నప్పుడు బావిలో ఈత నేర్పుతుంటే, నడుముకి కట్టిన తాడు విప్పొద్దక్కా అని ఏడ్చిన పిల్లాడు. వాడికి వెన్నుదన్ను మొదట అతికించింది కూడా తనే. "మహీ..." అని ఆగిపోయింది.

మూలన కడ్డీ పట్టుకున్నవాడు కళ్ళు తెరిచాడు.

"అక్కా," అన్నాడు. "భయమేస్తోందే."

"తెలుసురా."

"నేనన్నానక్కా. వెళ్ళనని. ఎనిమిదిమందితోనూ." చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూడకుండా కెమెరా వైపే చూస్తూ చెప్పాడు. "ఐదుగురే అన్నారుగా. నేను ఆరోవాణ్ణి అవుతానేమోనని. మేస్త్రీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వెళ్తాను. శివాజీ అన్నతో వెళ్తాను. అందరితోనూ వెళ్తాను."

"నమోదైంది," అంది మేస్త్రి.

హైమవతి కళ్ళ ముందే ఎనిమిది భయరేఖలు, వాన వెలిసిన చెరువులా చదునైపోయాయి. ఎనిమిదిమంది నడుములు నిటారయ్యాయి. శివాజీ తలుపు వదిలి చక్రం దగ్గరికి వచ్చాడు. "నలుగురు ఇటు. ఇద్దరు గొళ్ళెం చూడండి. నేను అనగానే ఎడమకి." ఆ గొంతు మామూలు శివాజీది.

తొమ్మిదో రేఖ ఇంకా రంపంలాగే ఎగురుతోంది. మహీధర్ గడ్డం నీళ్ళలో మునిగింది. కడ్డీ చుట్టూ అతని చేతులు బిగుసుకుపోయాయి.

"ఇంకొక్కరు!" హైమవతి అరిచింది. "ఒక్కరంటే ఒక్కరు! మహీతో వెళ్తామని అనండి! శివాజీ, నువ్వను!"

శివాజీ చక్రం మీద చేతులు ఉంచే కెమెరా వైపు చూశాడు. చాలా ప్రశాంతంగా చూశాడు.

"మేం ఎవరం ఏమీ అనలేదు కదండీ డాక్టరుగారూ. అన్నది మీ తమ్ముడే అని ఆయనే చెప్పాడు. మా దగ్గర వెనక్కి తీసుకోడానికేముంది?"

ఆ మాటలో వణుకు లేదు. తడబాటు లేదు. ఆ వణుకు తీసేసింది తన పట్టీయేనని హైమవతికి తెలుసు.

"లాగండి!" అన్నాడు శివాజీ.

చక్రం తిరిగింది. ఉక్కుపలక దిగి సముద్రాన్ని ఆపింది. లోపలి తలుపు తెరుచుకుని నీళ్ళు వరదలా వసారాలోకి దూకాయి. ఆ వరదతో పాటు ఎనిమిదిమందీ క్రమశిక్షణగా, ఒకరి వెనక ఒకరు బయటికి వచ్చారు. దన్ను లేనివాడు కడ్డీ దగ్గరే ఉండిపోయాడు. నీళ్ళు తిరిగిన ఊపుకి చేతులు విడి, తల గోడకి కొట్టుకుని కిందికి జారిపోయాడు.

వాళ్ళు వస్తున్న దారిలోనే ఎదురు దూకింది నూకరత్నం. ఆమె వీపు మీద పట్టీలో రెండో బంతివాళ్ళకి మిగిలే ఆ కాస్త దన్నే ఉంది. శివాజీని భుజంతో తోసి, బూతు తిట్టి, ఎదురువరదలో లోపలికి వెళ్ళింది.

హైమవతి వసారాలోకి పరుగెత్తేసరికి నూకరత్నం అతణ్ణి చంకల కింద చేతులు వేసి లాక్కొస్తోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు.

హైమవతి మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులూ తమ్ముడి ఛాతీ మీద పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. నొక్కి, నోట్లోకి ఊపిరి ఊది, మళ్ళీ నొక్కింది. లోకంలో ఆ ఛాతీ తప్ప ఇంకేమీ లేదు. చుట్టూ జనం చేరారు. ఎవరో ఎనిమిదిమందికీ దుప్పట్లు కప్పారు. ఎవరో టీ తెచ్చి ముందు వాళ్ళకే ఇచ్చారు. అలవాటు.

"ఆగండాగండి," అంటూ రామభద్రరాజు జనాన్ని తోసుకుని వచ్చాడు. నూకరత్నాన్ని చూసి, "ఈ పిల్లని ఎవరు వదిలారు? ఇదేనా చేసింది?" అన్నాడు.

"మేం ఎవరం మొదటి బంతికి మార్కులెయ్యలేదండి," అంది నూకరత్నం, నీళ్ళు ఉమ్ముతూ. "మమ్మల్ని అడగొద్దని మీరే కదా అన్నారు. దన్ను ఎలా పోయిందో ఆళ్ళనే అడగండి. లోపల ఉన్నోళ్ళకే తెలుసు."

"మేస్త్రీ!" రాజు పైకి చూసి కేకేశాడు. "వెళ్ళనన్నది ఎవరు?"

"చెప్పకూడదు," అంది మేస్త్రి.

రాజు ఎనిమిదిమంది వైపు తిరిగాడు. హైమవతి తల ఎత్తింది, చేతులు మాత్రం ఆపలేదు. ఆపితే వాడు పోతాడు. నోట్లోంచి మాట రావాలంటే ఊపిరి కావాలి, ఉన్న ఊపిరంతా వాడికే ఊదుతోంది. ఒక్కరైనా చెప్తారని చూసింది. తల వంచుకునైనా, మేమందరం అని ఒక్కరైనా అంటారని.

ఎనిమిదిమందీ తలలు వంచుకోలేదు. దన్ను ఉన్నవాళ్ళు తల వంచుకోరు.

"శివాజీ, నువ్వు పెద్దవాడివి. నువ్వు చెప్పు," అన్నాడు రాజు. "మీలో ఎవడు?"

హైమవతి అరచేతుల కింద ఛాతీ ఒక్కసారి ఎగిరింది. మహీధర్ భళ్ళున ఉప్పునీళ్ళు కక్కాడు. గరగరమంటూ ఊపిరి లోపలికి వెళ్ళింది. కళ్ళు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియని కళ్ళు. అక్క ముఖం వెతుక్కుంటున్న కళ్ళు.

శివాజీ టీ గ్లాసు పక్కన పెట్టాడు. చెయ్యి ఎత్తి, వేలు చూపించి, రెండువందల మందికీ వినబడేలా చెప్పాడు.

"మహీధర్."